పాత రేడియో డబ్బాలో ఏది ఉంచాలి, ఏది పీకాలి? – మీ ప్రశ్నలు, మా జవాబులు

పోయిన నెల ఇదే పేజీలో, అటక మీద పడున్న పాతకాలం బొమ్మ విమానాల రిమోట్లు, అదే ఆర్‌సీ (రేడియో కంట్రోల్) ట్రాన్స్‌మిటర్లు, పాత సామాన్లోళ్ళకు వేసేముందు ఒకసారి మాకు చెప్పండప్పా అని రెండు లైన్లు రాసినాం. అంతే, కర్నూలు, అనంతపురం, కడప మూడు వైపుల నుంచీ ఫోటోలు, ఉత్తరాలు వచ్చి పడినాయి. ఇన్ని డబ్బాలు ఇండ్లల్లో దాగున్నాయని మేమూ అనుకోలేదు. అన్నిటికీ జవాబు రాసే చోటు లేదు కాబట్టి ఎక్కువమంది అడిగినవి ఏరి ఇక్కడ వేస్తున్నాం, ఒకే రకం ప్రశ్నలు ఉంటే ఒకదాంట్లో కలిపేసినాం.

ప్రశ్న: అన్నా, మా చిన్నాయన రైల్వేలో చేసేటప్పుడు ఎవరో గల్ఫ్ నుంచి తెచ్చిచ్చిన ఫుటాబా 4 ఛానల్ రిమోట్ మా ఇంట్లో ఉంది. బ్యాటరీ మూత తీస్తే లోపల పచ్చగా, తెల్లగా పొడి పట్టింది. దాని ఛార్జర్ కూడా ఉంది. ఒకసారి ఛార్జింగ్ పెట్టి చూడనా? – ఒక పాఠకుడు, గుంతకల్లు

పెట్టొద్దు తమ్ముడూ, ముందు ఆ ఛార్జర్‌ని తీసి పక్కన పెట్టు. ఆ కాలం సెట్లలో ఉండేది నికెల్ కాడ్మియం సెల్స్, ఒక్కొక్కటి 1.2 వోల్టులు, ఎనిమిది కలిపి 9.6 వోల్టుల ప్యాక్. ముప్పై నలభై ఏండ్లు పడుంటే అవి కారతాయి, లోపలుండేది పొటాషియం హైడ్రాక్సైడ్, అది గాలి తగిలి తెల్లపొడి అవుతుంది, రాగి తగిలిన చోట పచ్చగా మారుతుంది. ఆ పొడి చేతికి గానీ కంటికి గానీ మంచిది కాదు, గ్లౌజులు వేసుకో, ప్యాక్ తీసెయ్, దాన్ని పెంటకుప్పలో మాత్రం వెయ్యొద్దు, కాడ్మియం విషం, ఈ-వేస్ట్ తీసుకునే వాళ్ళకే ఇయ్యి. తర్వాత పాత టూత్‌బ్రష్‌కి కొంచెం వెనిగర్ తడిపి ఆ పొడి పట్టిన రేకులు రుద్దు, నిమ్మరసమైనా పర్వాలేదు, కారింది క్షారం కాబట్టి ఆమ్లంతోనే దిగుతుంది. బుసబుసమనడం ఆగినాక నీళ్ళతో ఒకసారి, ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో ఒకసారి తుడిచి ఆరబెట్టు. పీసీబీ, అంటే సర్క్యూట్ బోర్డు, మీదకి కూడా పాకి ఉంటే అక్కడా ఇదే పని, దాని మీది రాగి గీత తిన్నచోట సన్న వైరు అతికించుకోవాల్సిందే.

చాలామంది వదిలేసే సంగతి ఇంకోటుంది. బ్యాటరీ నుంచి పోయే నల్ల వైరు, అంటే మైనస్ వైరు, పైకి చూస్తే చక్కగా ఉంటుంది, తొడుగు ఒలిస్తే లోపల రాగి మొత్తం నల్లబారి ఉంటుంది. టంకం అంటదు, మీటర్ పెడితే ఒకసారి కంటిన్యుటీ చూపిస్తుంది, లోడ్ పడేసరికి వోల్టేజ్ పడిపోతుంది. ఆ వైరు చివర కత్తిరించి మళ్ళీ అతికిస్తే సరిపోదు, స్విచ్ దాకా మొత్తం మార్చెయ్. స్విచ్ కూడా అదే దారిలో ఉంటుంది, దాని లోపలికీ ఆ తేమ పోయి ఉంటుంది కాబట్టి అదీ మార్చుకుంటే నయం. విమానం గాల్లో ఉన్నప్పుడు ఆ వైరు దెబ్బ తీస్తే నేల మీద ఉండే మనం చేసేదేమీ ఉండదు.

ఇవన్నీ అయినాక కూడా నేరుగా పెద్ద బ్యాటరీ తగిలించొద్దు. ఆరు కొత్త పెన్సిల్ సెల్స్, 9 వోల్టులు, మధ్యలో అర ఆంప్ ఫ్యూజు పెట్టి ఆన్ చెయ్, ఏరియల్ మొత్తం పైకి లాగి. 4 ఛానల్ సెట్టు మామూలుగా 150 నుంచి 250 మిల్లీఆంప్స్ తాగుతుంది. దానికి రెండింతలు చూపించినా, ఏదన్నా వేడెక్కినా వెంటనే ఆపెయ్, ఎక్కువగా పాత ఎలక్ట్రోలైటిక్ కెపాసిటర్లో, టాంటలమ్ కెపాసిటర్లో షార్ట్ అయి ఉంటాయి. మార్చేటప్పుడు మైక్రోఫారడ్ అంతే ఉండాలి, వోల్టేజ్ రేటింగ్ ఎక్కువున్నా నష్టం లేదు.

ప్రశ్న: సార్, నేను ఇంజినీరింగ్ థర్డ్ ఇయర్. నా దగ్గరున్న సెట్టు ఆన్ అవుతోంది, ముల్లు కూడా పచ్చ గీతలోకి వస్తోంది. 72 మెగాహెర్ట్జ్ అని రాసుంది. రిసీవర్ లేదు. ఆన్‌లైన్‌లో పాత రిసీవర్ ఒకటి దొరికింది, క్రిస్టల్ మాత్రం వేరే నంబర్. రిమోట్‌లో క్రిస్టల్ పీకి రిసీవర్‌లో పెడితే పనిచేస్తుందా? – కర్నూలు

చెయ్యదు, ఎందుకో తెలుసుకుంటే నీకు చదువులోనూ పనికొస్తుంది. క్రిస్టల్ అంటే సెట్టు ఏ ఫ్రీక్వెన్సీ మీద ఆడాలో తేల్చే చిన్న ముక్క. ట్రాన్స్‌మిటర్ క్రిస్టల్, విమానంలో ఉండే రిసీవర్ క్రిస్టల్ రెంటి మీదా ఒకే ఛానల్ నంబర్ ఉంటుంది కానీ లోపలి ఫ్రీక్వెన్సీ ఒకటి కాదు. మామూలు సింగిల్ కన్వర్షన్ రిసీవర్‌లో క్రిస్టల్ ఆ ఛానల్ కంటే 455 కిలోహెర్ట్జ్ తేడాతో ఉంటుంది, ఆ తేడానే లోపల ఇంటర్మీడియట్ ఫ్రీక్వెన్సీగా వాడుకుంటారు, డ్యూయల్ కన్వర్షన్ అయితే మొదటి తేడా 10.7 మెగాహెర్ట్జ్. అందుకనే క్రిస్టల్ మీద టీఎక్స్, ఆర్‌ఎక్స్ అని విడివిడిగా రాసుంటుంది. దాంట్లో మళ్ళీ ఏఎమ్మా ఎఫ్ఎమ్మా చూసుకోవాలి, ఏఎం ట్రాన్స్‌మిటర్‌కి ఎఫ్‌ఎం రిసీవర్ జవాబివ్వదు. అమెరికాలో 72 మీద ఛానల్ 11 నుంచి 60 దాకా ఉండేవి, 72.010 నుంచి 72.990 వరకు 20 కిలోహెర్ట్జ్ ఎడంలో. ఇంగ్లండ్, యూరప్ వైపు సెట్లు 35 మీద ఉంటాయి. అంటే ఒక దేశం నుంచి వచ్చిన రిమోట్‌కి ఇంకో దేశం రిసీవర్ జత కూడదు.

ఇదంతా సరిపెట్టినా నేను ఎగరెయ్యమని చెప్పను. పాత ఫ్రీక్వెన్సీ మీద ఇద్దరు ఒకే ఛానల్ ఆన్ చేస్తే కింద ఉండే వాడికి ఏమీ కాదు, పైన ఎగురుతున్న వాడి విమానం కూలుతుంది, అందుకే క్లబ్బుల్లో బట్టల క్లిప్పుల మీద నంబర్లు రాసి బోర్డుకి తగిలించేవాళ్ళు, క్లిప్ ఎవరి చేతిలో ఉంటే వాళ్ళే ఆన్ చెయ్యాలి. ఇప్పుడు ఆ బోర్డూ లేదు, ఆ క్రమశిక్షణా లేదు. ఇంకో సంగతి, మన దేశంలో 2.4 గిగాహెర్ట్జ్ బ్యాండ్‌కి 2005 నుంచి లైసెన్స్ అక్కర్లేదు, 27 మెగాహెర్ట్జ్ సిటిజన్ బ్యాండ్ కూడా అదే లెక్క. ఎగరెయ్యాలనుంటే 2.4కి మార్చుకో. 2005–06లో ఆ సెట్లు హాబీలోకి వచ్చినాక క్రిస్టల్ గొడవే పోయింది, ప్రతి రిసీవర్ తన ట్రాన్స్‌మిటర్‌కే బైండ్ అవుతుంది, అంటే ముడిపడుతుంది, పక్కోడు ఆన్ చేసినా నీకేం కాదు.

ప్రశ్న: అదే మార్చడం ఎట్లా? మొత్తం లోపలిది పీకేసి కొత్త బోర్డు పెట్టాలా? బాడీకి రంధ్రాలు వెయ్యాలా? నాది ఫుటాబా కాంక్వెస్ట్. – ప్రొద్దుటూరు. ఇదే ప్రశ్న ఆదోని, రాయచోటి, డోన్ నుంచీ వచ్చింది.

ఈ నెల అసలు సంగతి ఇదే, కాబట్టి కొంచెం పొడుగ్గా చెప్తా, ఓపిగ్గా చదవండి.

పాత ట్రాన్స్‌మిటర్‌లో మూడు ముక్కలుంటాయి. ఒకటి స్టిక్కులు, వాటి కింద పాట్‌లు, అంటే తిప్పితే రెసిస్టెన్స్ మారే పొటెన్షియోమీటర్లు. రెండోది ఎన్‌కోడర్, అంటే స్టిక్కులు ఎక్కడున్నాయో చూసి వరసగా పల్సులు తయారుచేసే సర్క్యూట్. మూడోది ఆర్‌ఎఫ్, ఆ పల్సుల్ని గాల్లోకి పంపేది. మొదటి రెండూ ఇప్పటికీ బ్రహ్మాండంగా పనిచేస్తాయి, స్టిక్కులైతే ఇప్పుడు చవగ్గా వచ్చే రిమోట్ల కంటే ఎంతో మెత్తగా ఉంటాయి, ఆ అల్యూమినియం పని, ఆ స్ప్రింగు బిగువు వేరే. పాతబడిపోయింది మూడోదొక్కటే. అందుకని నా మాట ఏమంటే ఆర్‌ఎఫ్ ఒక్కటే మూగ చెయ్యండి, మిగతాది ముట్టుకోవద్దు, చేసిన ప్రతి మార్పూ రేపు వెనక్కి తిప్పుకునేట్టు ఉండాలి. డబ్బా మీద డ్రిల్లు పెట్టినారంటే ఇక దాన్ని ఎవరూ మళ్ళీ పాతది చెయ్యలేరు.

ఆర్‌ఎఫ్ మూగ చెయ్యడం చాలా సులభం, క్రిస్టల్ పీకేసి ఒక కవర్‌లో వేసి డబ్బా లోపలే టేప్ పెట్టి అతికించండి. క్రిస్టల్ లేకపోతే ఆసిలేటర్ ఆడదు, గాల్లోకి ఏమీ పోదు.

ఇక ఎన్‌కోడర్ పల్సుల సంగతి. దీన్నే పీపీఎం అంటారు. ఒక్కో ఛానల్‌కి 1 నుంచి 2 మిల్లీసెకన్ల దూరం, స్టిక్ మధ్యలో ఉంటే 1.5 దగ్గర, ఫుటాబాలో 1.52. నాలుగు ఛానళ్ళు అయినాక ఒక పొడుగాటి ఖాళీ, ఆ ఖాళీని చూసి రిసీవర్ మళ్ళీ ఒకటో ఛానల్ మొదలైందని తెలుసుకుంటుంది. మొత్తం ఒక చుట్టు 20 మిల్లీసెకన్లకు కాస్త అటూ ఇటూ. ఇప్పటి 2.4 మాడ్యూళ్ళు, అంటే విడిగా దొరికే కొత్త ఆర్‌ఎఫ్ ముక్కలు, చాలావరకు ఇదే పీపీఎం తీసుకుంటాయి, అంటే 1980ల సెట్టు, ఈ కాలం మాడ్యూల్ ఒకే భాష మాట్లాడతాయన్నమాట, మనం కలపాల్సింది మూడు వైర్లు: ప్లస్, గ్రౌండ్, సిగ్నల్.

సిగ్నల్ ఎక్కడ దొరుకుతుంది? ఎన్‌కోడర్ బోర్డు నుంచి ఆర్‌ఎఫ్ బోర్డుకి పోయే వైర్లలో ఒకటి అదే. దగ్గర్లో కాలేజీ ల్యాబులో ఆసిలోస్కోప్ ఉంటే అడిగి ఒక్క అరగంట చూసుకోండి, స్టిక్ కదిపితే పల్సులు దగ్గరా దూరం జరగడం కండ్లతో కనపడుతుంది, దానికి మించిన పరీక్ష లేదు. స్కోప్ లేకపోతే వెనక ట్రైనర్ సాకెట్ చూడండి, పాత ఫుటాబాలో గుండ్రంగా ఆరు పిన్నులది ఉంటుంది, గురువు శిష్యుడి రిమోట్లు కలపడానికి పెట్టింది, దాంట్లో పీపీఎం బయటికి వస్తుంది, కొన్ని సెట్లలో అక్కడ వైరు పెడితే ఆర్‌ఎఫ్‌కి కరెంటు పోకుండా ఎన్‌కోడర్ ఒక్కటే ఆన్ అవుతుంది కూడా. అదైతే డబ్బా తెరవకుండానే పని అయిపోతుంది.

వోల్టేజ్ దగ్గర మాత్రం తొందర పడొద్దు. పాత ఎన్‌కోడర్ పల్సు కొన్నిట్లో బ్యాటరీ వోల్టేజ్ అంత ఎత్తు లేస్తుంది, మాడ్యూల్ లోపలి చిప్ 3.3 వోల్టులది. నేరుగా ఇస్తే ఒక్క క్షణంలో పోతుంది. పల్సు 9.6 వోల్టులుంటే 10 కె, 4.7 కె రెండు రెసిస్టర్లతో డివైడర్ వేస్తే 3 వోల్టుల దగ్గరికి వస్తుంది. పల్సు 5 వోల్టులే అయితే ఇదే డివైడర్ మరీ తగ్గించేస్తుంది, అందుకే కొలిచి వెయ్యండి, ఊహించి వెయ్యొద్దు. 9.6, 5 ఎట్లా ఉన్నా చేతికి దొరికే మామూలు ట్రాన్సిస్టర్ ఒకటి పెట్టి కూడా సరిచెయ్యొచ్చు, కాకపోతే పల్సు తలకిందులవుతుంది, అది కొన్ని మాడ్యూళ్ళు పట్టించుకోవు, కొన్ని పట్టించుకుంటాయి.

మాడ్యూల్ ఏది కొనాలి అంటే నేను మల్టీప్రోటోకాల్ మాడ్యూలే అంటా, నాలుగు రేడియో చిప్పులుంటాయి, ఫ్రైస్కై, ఫ్లైస్కై, స్పెక్ట్రం రకాల రిసీవర్లు చాలావాటితో మాట్లాడుతుంది. వెనక చిన్న రోటరీ స్విచ్ ఉన్నది చూసి కొనండి, దాన్ని 0 మీద పెడితే సీరియల్ (కొత్త రిమోట్లు వాడే వేరే రకం సిగ్నల్), 1 నుంచి 14 దాకా పీపీఎం, ఒక్కో నంబర్‌కి ఒక్కో ప్రోటోకాల్ ముందే పెట్టుకోవచ్చు. ఛానళ్ళ వరస కూడా చూసుకోండి. ఫుటాబాలో ఏలరాన్ (పక్కకి వంచేది), ఎలివేటర్ (ముక్కు పైకీ కిందికీ తిప్పేది), థ్రాటిల్ (మోటర్ వేగం), రడర్ (ముక్కు పక్కలకి తిప్పేది). జేఆర్ కంపెనీ సెట్లలో థ్రాటిల్ ముందొస్తుంది. ఇది చూడకుండా మోటర్ తగిలించి ఎలివేటర్ లాగితే ప్రొపెల్లర్ తిరిగిందంటే చేతివేళ్ళ సంగతి మీరే ఊహించుకోండి, బెంచి మీద పని చేసేటప్పుడు ప్రొపెల్లర్ ఊడదీసే ఉండాలి. మల్టీప్లెక్స్ కంపెనీ పాత సెట్టు ఉన్నవాళ్ళకి ఇంకో మాట, దాని మధ్య పల్సు 1.6 మిల్లీసెకన్లు, కాబట్టి సర్వోలన్నీ, అంటే రడర్ లాంటివాటిని కదిపే చిన్న మోటర్లు, ఒక పక్కకి వాలి నిలబడతాయి, సెట్టు చెడిపోయిందని అనుకోవద్దు.

ఏరియల్ ఆఖరుది. 72 మీద పావు తరంగం మీటరు పొడుగు, అందుకే ఆ టెలిస్కోప్ కడ్డీ. 2.4 మీద అదే 31 మిల్లీమీటర్లు. ఇనుప, అల్యూమినియం డబ్బా లోపల పెడితే సిగ్నల్ బయటికి రాదు, బయటికి తేవాల్సిందే. కడ్డీ మర తిప్పి తీసేస్తే కింద రబ్బరు బుష్ ఉన్న రంధ్రం మిగులుతుంది గదా, 2.4 ఏరియల్ బిగించే ఎస్‌ఎంఏ సాకెట్ సరిగ్గా అక్కడ కూర్చుంటుంది, కొత్త రంధ్రం అక్కర్లేదు. ఏరియల్ లేకుండా మాడ్యూల్ ఆన్ చెయ్యొద్దు. ఎగరేసేటప్పుడు ఏరియల్ మొన విమానం వైపు చూపించొద్దు, మొన దిక్కున సిగ్నల్ అన్నిటికంటే తక్కువ.

ప్రశ్న: నేను రేడియో, టీవీ మెకానిక్‌ని, ముప్పై ఏండ్లుగా క్లాక్ టవర్ దగ్గర షాపు. ఒకతను తెచ్చిన సెట్టులో ఎన్‌కోడర్ ఐసీయే పోయింది, ఎన్‌ఈ5044 అని ఉంది, యాడా దొరకడం లేదు. ఏం చెయ్యాలి? – అనంతపురం

అన్నా, మీకు నేను చెప్పేదేముంది, అయినా అడిగినారు కాబట్టి. 5044 సిగ్నెటిక్స్ వాళ్ళ ఏడు ఛానళ్ళ ఎన్‌కోడర్, ఆ కాలంలో ఇంట్లో చేసుకునే సెట్లకీ చాలా వాడినారు, ఇప్పుడు ఆన్‌లైన్‌లో దొరికే వాటిలో నకిలీలు ఉంటాయి, దాని కోసం బెంగుళూరు ఎస్పీ రోడ్డు అంతా తిరగడం కంటే ఆర్డుయినో నానో, అంటే మనమే ప్రోగ్రాం రాసుకునే చిన్న బోర్డు, ఒకటి పెట్టెయ్యండి. స్టిక్ పాట్‌లు ఎక్కువగా 5 కె ఉంటాయి, పైకాలు 5 వోల్టులకి, కిందికాలు గ్రౌండ్‌కి, మధ్యది నానో ఎ0 నుంచి ఎ3 వరకు. నానోలో ఎనిమిది అనలాగ్ పిన్నులుంటాయి, స్విచ్చులకీ చాలు. ఆ మధ్యకాలు నుంచి గ్రౌండ్‌కి ఒక 0.1 మైక్రోఫారడ్ కెపాసిటర్ వెయ్యండి, వణుకు తగ్గుతుంది.

ఒక చిక్కు ఉంది, అది తెలియక చాలామంది ప్రోగ్రాం తప్పు అనుకుంటారు. పాట్ మొత్తం తిరిగేది 270 డిగ్రీలు, స్టిక్ తిప్పేది అరవై డిగ్రీలే. నానో చదివే 0 నుంచి 1023 వరకు దాంట్లో పావు వంతు కూడా సరిగ్గా రాదు. అందుకని ప్రోగ్రాంలో కింది అంచు, మధ్య, పై అంచు మూడూ ప్రతి స్టిక్కుకీ విడిగా కొలిచి రాసుకోవాలి, అప్పుడే 1000 నుంచి 2000 మైక్రోసెకన్లు పూర్తిగా వస్తాయి. స్టిక్కుల పక్కన మధ్యను సన్నగా సవరించే ట్రిమ్ లివర్లు కొన్ని సెట్లలో పాట్‌నే కొంచెం తిప్పుతాయి, వాటికి వేరే వైరు అక్కర్లేదు, కొన్నిట్లో వేరే పాట్ ఉంటుంది. నానో నుంచి పీపీఎం తీసి పైన చెప్పిన మాడ్యూల్‌కి ఇవ్వొచ్చు. చాలా దూరం పోయే ఎక్స్‌ప్రెస్ ఎల్‌ఆర్‌ఎస్ రకం రేడియో కావాలంటే అది మామూలుగా అడిగేది పీపీఎం కాదు, సీఆర్‌ఎస్‌ఎఫ్ అనే సీరియల్ సిగ్నల్, అదీ ఆర్డుయినోతో పంపొచ్చు, పని మాత్రం ఎక్కువ. ఎల్‌ఆర్‌ఎస్‌లో 900 మెగాహెర్ట్జ్ రకాలు కొనేటప్పుడు 915 అని రాసిన అమెరికా సరుకు తెచ్చుకోకండి, మన దేశంలో లైసెన్స్ లేకుండా వాడుకోవచ్చన్నది 865 నుంచి మొదలయ్యే చిన్న ముక్క, 915 దగ్గర మొబైల్ కంపెనీల కాపురం.

చచ్చిపోయిన ఐసీని మాత్రం పారెయ్యొద్దు, దాని సాకెట్‌లోనే ఉంచండి, అది ఎట్లా కట్టినారో చూడ్డానికైనా పనికొస్తుంది.

ప్రశ్న: నేను ఎన్‌సీసీ ఎయిర్ వింగ్‌లో చాలాకాలం పనిచేసి రిటైర్ అయినాను. నా దగ్గర క్రాఫ్ట్ కంపెనీ ట్రాన్స్‌మిటర్ ఒకటి, దానికంటే పాతది, స్టిక్కులే లేకుండా ఒకే ఒక్క బటన్ ఉన్నది ఒకటి ఉన్నాయి. రెండూ 2.4కి మార్చి మనవడికి ఇవ్వాలని. – కడప

అయ్యా, ఆ రెండోదాన్ని మార్చకండి, చెయ్యి జోడించి చెప్తున్నా. అది సింగిల్ ఛానల్ సెట్టు. బటన్ నొక్కితే విమానంలో రబ్బరు బ్యాండు మెలితో తిరిగే ఎస్కేప్‌మెంట్ ఒక మెట్టు జరుగుతుంది, ఒకసారి నొక్కి పట్టుకుంటే రడర్ ఒక పక్క, రెండుసార్లు నొక్కితే ఇంకో పక్క, వదిలితే మధ్యకి. అంతే, దాంతోనే ఆ తరం వాళ్ళు విమానాలు ఎగరేసి దింపినారు. దానికంటే వెనక 1930ల చివర్లో అమెరికాలో గుడ్ సోదరులు వాల్టర్, విలియం ఇద్దరూ రేడియోతో ఎగరేసిన గఫ్ అనే విమానం ఇప్పుడు స్మిత్‌సోనియన్ మ్యూజియంలో ఉంది. మీ సెట్టులో వాల్వులు ఉంటే దానికి ఫిలమెంట్‌కి 1.5 వోల్టుల సెల్, పైన 90 వోల్టులో ఇంకా ఎక్కువో ఉండే హెచ్‌టీ (హై టెన్షన్) బ్యాటరీ కావాలి, ఆ షాక్ చిన్నది కాదు, పిల్లల చేతికి అస్సలు ఇవ్వొద్దు. ట్రాన్సిస్టర్లయితే జర్మేనియంవి అయ్యుంటాయి, టంకం వేడికి చచ్చిపోతాయి, కాలు మీద క్రొకడైల్ క్లిప్ పెట్టి వేడి లాగేస్తూ టంకం పెట్టాలి. నా సలహా, శుభ్రం చేసి, కారిన బ్యాటరీలుంటే తీసి, అట్లనే అద్దాల బీరువాలో పెట్టండి. మనవడికి ఆ బటన్ ఆట చూపించాలంటే నానోతో అదే లెక్క రాయించండి, నొక్కు ఒకటా రెండా చూసి రడర్ సర్వోని తిప్పేట్టు, మామూలు 2.4 మాడ్యూల్‌తో ఎగురుతుంది, పాత సెట్టుకి గీత పడదు.

క్రాఫ్ట్ సంగతి వేరు. అది కట్టిన ఫిల్ క్రాఫ్ట్ 1967లో రేడియో ఏరోబాటిక్స్ ప్రపంచ ఛాంపియన్ కూడా, ఎగరేసేవాడే తయారుచేసినాడు కాబట్టి ఆ స్టిక్కులు అట్లా కుదిరినాయి. మంచి స్థితిలో, ఛార్జర్, రిసీవర్, సర్వోలు అన్నీ ఉన్న సెట్టయితే అట్లనే ఉంచండి. డబ్బా ఒక్కటే ఉండి లోపల సగం పోయుంటే 2.4కి మార్చండి, తప్పులేదు, నలుగురి చేతిలో ఎగురుతుంది. దాని పాత సర్వోలకి నాలుగు వైర్లుంటే కొత్త రిసీవర్‌కి పెట్టొద్దు, బ్యాటరీ మధ్య నుంచి 2.4 వోల్టుల తీగ తీసే కాలం నాటివి అవి. మూడు వైర్లున్నా పాత ఎయిర్‌ట్రానిక్స్ కంపెనీ ప్లగ్గులో ప్లస్ మధ్యలో ఉండదు, ప్లగ్గు చక్కగా కూర్చుంటుంది, రిసీవర్ కాలుతుంది.

ప్రశ్న: మాది పాలిష్ బండల ఊరు, దుమ్ము ఎట్లుంటుందో మీకు తెలుసు. స్టిక్ మధ్యలో పెట్టినా సర్వో వణుకుతా ఉంది. డబ్ల్యూడీ-40 కొట్టినా తగ్గలేదు. – తాడిపత్రి

కొట్టకుండా ఉండాల్సింది. అది తుప్పుకి, బిగుసుకున్న బోల్టుకి మంచిదే, పాట్ లోపలి కార్బన్ ట్రాక్ మీద మాత్రం జిడ్డు మిగిల్చి ఇంకా దుమ్ము పట్టేట్టు చేస్తుంది. ప్లాస్టిక్ మీద వాడదగిన ఎలక్ట్రానిక్ కాంటాక్ట్ క్లీనర్ చిన్నగా కొట్టి, స్టిక్ అంచు నుంచి అంచుకి బాగా తిప్పి, ఆరనివ్వండి. అయినా మధ్యలోనే వణికితే అక్కడ ట్రాక్ అరిగిపోయింది, ఎందుకంటే ఎగురుతున్నంతసేపూ స్టిక్ ఉండేది అక్కడే. పాట్ మార్చాలి, గరుకు కాగితంతో రుద్దే పని పెట్టుకోవద్దు. షాఫ్ట్ డి ఆకారంలో ఉందో గుండ్రంగా ఉందో చూసి తెచ్చుకోండి.

ప్రశ్న: 9.6 వోల్టుల ప్యాక్ బదులు డ్రోన్ లైపో 3ఎస్ పెట్టొచ్చా? – నంద్యాల

నేను పెట్టను. 3ఎస్ అంటే మూడు సెల్స్ వరసగా కలిపింది, నిండా ఛార్జ్ చేసిన 3ఎస్ లైపో (లిథియం పాలిమర్) 12.6 వోల్టులు, పాత ఎనిమిది సెల్స్ నిండా ఉన్నా 11.5 దగ్గరే. 3ఎస్ లైఫ్ (లిథియం ఐరన్ ఫాస్ఫేట్) ప్యాక్ 9.9 వోల్టులు, అది సరిగ్గా సరిపోతుంది. అంతకంటే నాకు నచ్చేది ఎనిమిది ఎనిలూప్ లాంటి నికెల్ మెటల్ హైడ్రైడ్ సెల్స్, పడేసినా నెలల తరబడి ఛార్జ్ నిలుస్తుంది. పాత ఛార్జర్‌తో మాత్రం వద్దు, అది 500 మిల్లీఆంప్ అవర్ ప్యాక్‌కి 50 మిల్లీఆంప్స్ లెక్కన 14 గంటలు పెట్టేది, 2000 సెల్స్ దాంతో నిండాలంటే రెండు రోజులు దాటుతుంది. వేరే ఛార్జర్ పెట్టుకోండి. ఛార్జింగ్ జాక్‌లో ప్లస్ లోపలా బయటా అన్నది కంపెనీని బట్టి మారుతుంది, మీటర్ పెట్టి చూడనిదే ఏ ప్లగ్గూ గుచ్చొద్దు.

ప్రశ్న: ఇంత కష్టం ఎందుకు, కొత్త రిమోట్ కొంటే పోదా? – ధర్మవరం నుంచి ఒక అమ్మ. వాళ్ళబ్బాయి తొమ్మిదో తరగతి.

పోతుందమ్మా, నిజం చెప్పాలంటే డబ్బు లెక్కలో కొత్తదే చవక. పదహారు ఛానళ్ళు, స్క్రీను, మోడల్ మెమరీ, మాటలు కూడా చెప్తుంది. పాతదాంట్లో ఒక విమానం సరిచేసి పెట్టుకుంటే ఇంకోదానికి మళ్ళీ మొదటి నుంచి ట్రిమ్ చేసుకోవాలి. ఎగరెయ్యడం నేర్చుకోవడమే కావాలంటే కొత్తది కొనియ్యండి, దాన్ని కంప్యూటర్‌కి పెట్టి సిమ్యులేటర్‌లో నెలరోజులు కూలగొట్టుకోమనండి, ఖర్చు ఉండదు. టంకం కడ్డీ పట్టుకుని లోపల ఏముందో చూడాలని వాడికి ఆశ ఉంటే పాతది ఇయ్యండి. విదేశాల నుంచి నేరుగా తెప్పించొద్దు, వైర్‌లెస్ పరికరానికి ఈటీఏ అనుమతి లేదని కస్టమ్స్‌లో ఆగిపోతాయి, ఇక్కడ బిల్లుతో అమ్మేవాళ్ళ దగ్గరే తీసుకోండి.

ప్రశ్న: అంతా అయింది, సర్వోలు ఆడుతున్నాయి. ఇక ఎగరేసేదానికి ఏమేం చూసుకోవాలి? యాడ ఎగరెయ్యొచ్చు? – ఓర్వకల్లు దగ్గరి నుంచి

మీ ఊరి పేరు చూసినాక ముందు చెప్పాల్సింది విమానాశ్రయం గురించి. ఓర్వకల్లులో 2021 నుంచి విమానాలు దిగుతున్నాయి, కడపలోనూ ఎయిర్‌పోర్టు ఉంది, పుట్టపర్తిలోనూ ఉంది. 2021 డ్రోన్ రూల్స్ ప్రకారం ఎయిర్‌పోర్టు ప్రహరీ నుంచి 8 నుంచి 12 కిలోమీటర్ల మధ్య 200 అడుగుల దాకానే గ్రీన్ జోన్, దానికి లోపలైతే అనుమతి లేకుండా కుదరదు, బయట గ్రీన్ జోన్ అయితే 400 అడుగులు. డిజిటల్ స్కై మ్యాపులో మీ పొలం ఏ రంగులో ఉందో చూసుకునే బయల్దేరండి. రెండు కిలోల లోపల, వ్యాపారం కాకుండా సరదాకి అయితే పైలట్ లైసెన్స్ అక్కర్లేదు, మిగతా రిజిస్ట్రేషన్ సంగతులు కూడా ముందే తెలుసుకోండి.

కాలం కూడా చూసుకోండి. జూన్ నుంచి ఆగస్టు దాకా మన సీమలో నైరుతి గాలి గుట్టల మీద గాలిమరలు తిప్పేంత ఉంటుంది, కొత్తోళ్ళకి ఆ నెలలు వద్దు. మిగతా కాలంలో పొద్దున ఆరు నుంచి ఎనిమిది లోపల, బుడ్డలు, అంటే వేరుశెనగ, పీకేసిన చేను దొరికితే దిగడానికి మెత్తగా ఉంటుంది. కరెంటు తీగలు, గొర్రెల మంద, రోడ్డు ఇవి మూడూ మీ వీపు వైపు ఉండేట్టు నిలబడండి.

ఇక రేడియో. ప్రొపెల్లర్ ఊడదీసి, విమానం నేల మీద పెట్టి, మాడ్యూల్‌ని రేంజ్ చెక్ మోడ్‌లో పెట్టండి, పవర్ తగ్గిపోతుంది, ముప్పై అంగలు దూరం నడిచి అన్ని సర్వోలు ఆడించండి, ఎవరన్నా మీ చుట్టూ తిరుగుతా ఉంటే ఇంకా మంచిది. తర్వాత ఫెయిల్‌సేఫ్, అంటే సిగ్నల్ పోతే విమానం ఏం చెయ్యాలన్నది. ట్రాన్స్‌మిటర్ ఆపేస్తే మోటర్ ఆగాలి, ఇది అందరూ చూస్తారు. మార్చిన సెట్టుకి ఇంకో పరీక్ష కావాలి, దాన్ని ఎవరూ చెయ్యరు: ట్రాన్స్‌మిటర్ ఆన్‌లోనే ఉంచి, మాడ్యూల్‌కి పోయే పీపీఎం వైరు ఒక్కటి పీకండి. లోపల పాత ఎన్‌కోడర్ నడి ఆకాశంలో చచ్చిపోతే జరిగేది అదే, కరెంటు ఉంటుంది, మాడ్యూల్ బతికే ఉంటుంది, కొత్త పల్సులు మాత్రం రావు. అప్పుడూ మోటర్ ఆగాలి. కొన్ని మాడ్యూళ్ళు ఆఖరి పల్సునే పట్టుకుని పంపుతా కూర్చుంటాయి, అట్లా చేస్తే ఆ మాడ్యూల్ ఆ డబ్బాకి పనికిరాదు, మార్చండి. మోటర్ ఆగినాక వైరు మళ్ళీ పెట్టి, థ్రాటిల్ స్టిక్ కిందికి లాగి, సిగ్నల్ మళ్ళీ పట్టుకుంటుందా అని చూసి, అప్పుడు ప్రొపెల్లర్ బిగించండి.